వెళ్ళొస్తానన్న మాట

జూన్ 3

వదినగారికి,

ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయమన్నారు. రాస్తున్నాను.

గురువారం. మీ చెల్లెలు ఆరింటికి లేచింది. పక్కమీదే కూర్చుని కాసేపు ఊపిరి కూడదీసుకుంది. ముందు రోజుకన్నా ఆయాసం ఎక్కువగా ఉంది. గుండె డాక్టరు ఎనిమిదిన్నరకల్లా తీసుకురమ్మన్నాడు. స్నానం వద్దన్నాను. చేసింది. జడ తనే వేసుకోబోయి, చెయ్యి పైకి లేవక సగంలో ఆపేసింది. మిగతా సగం నేను వేశాను. "తాడు పేనావా?" అంది.

ఎనిమిదికి పది నిమిషాలుండగా టాక్సీ వచ్చింది. పాప గడప దగ్గర కూర్చుని చెప్పులు వేసుకుంటోంది, ఎడమది కుడికాలికి. తనూ వస్తుందనుకుంది. పక్కింటి టైలరమ్మని పిలిచి పాపని చూస్తుండమన్నాం. మీ చెల్లెలు గుమ్మంలో ఆగింది. వంగి, "మిడతా, వెళ్ళొస్తా" అంది. బయల్దేరాం.

తొమ్మిదిన్నరకి లోపలికి తీసుకెళ్ళారు. పదకొండున్నరకి ఒకసారి చూడనిచ్చారు. వంటింట్లో కుళాయి కట్టేశావా అని అడిగింది. కట్టేశానన్నాను. కట్టానో లేదో నాకు గుర్తులేదు.

పన్నెండింటికి మీకు ఫోన్ చేశాను. "బాగాలేదు" అన్నాను. మీరు "హమ్మయ్య" అన్నారు. మీకేం వినపడిందో అర్థమైంది. మళ్ళీ గట్టిగా చెప్పాల్సింది. వరండా నిండా జనం ఉన్నారు. చెప్పలేదు.

నాలుగు నలభైకి పోయింది. అప్పుడు నేను పక్కన లేను. కింద కౌంటర్లో ఏదో కాగితం మీద సంతకం పెడుతున్నాను.

ఇంతే.

మీరు వెళ్ళి వారమైంది. నా సెలవు అయిపోయింది. సోమవారం నుంచి పాపని ప్లేస్కూల్లో వేస్తున్నాను. తొమ్మిది నుంచి నాలుగు దాకా ఉంచుకుంటారు. దానికి మూడేళ్ళ ఎనిమిది నెలలు. తీసుకుంటామన్నారు.

మీ మరిది


జూన్ 9

మరిదీ,

నీ ఉత్తరం చదివి, మడిచి డబ్బాలో పెట్టి, మళ్ళీ తీసి చదివాను. మనిషి పోయిన రోజు గురించి రాయమంటే బస్సుల వేళలు రాసినట్టు రాశావు. ఏడవడానికి కూడా అందులో కాస్త చోటు లేదు.

ఫోను సంగతి. నాకు "బాగానే ఉంది" అని వినపడింది. ముప్పై ఏళ్ళు మగ్గాల షెడ్డులో పనిచేసి చెవులు రెండూ మిల్లుకే ఇచ్చేసి వచ్చినదాన్ని, అందుకే కదా ఏ కబురైనా ఉత్తరం రాయమని మీ పెళ్ళైన కొత్తలోనే చెప్పింది! సరే, ఆ రోజు ఉత్తరానికి టైము లేదు. చెవిటిదానికి ఒక్కసారే చెప్పి ఊరుకుంటారా ఎవరైనా? నలుగురూ చూస్తారని! నా చెల్లెలు ప్రాణం మీదికొస్తే నీకు మొహమాటం అడ్డొచ్చింది. ఆ ఫోను పెట్టేసి నేను బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను తెలుసా? పాట కూడా పాడుకున్నాను. అదలా ఉంచు. నేను ఉంచలేకపోతున్నాను, అయినా ఉంచు.

పిల్ల సంగతి. ఈపాటికి బడి మొదలయ్యే ఉంటుంది. పిల్లల్ని బడిలో దింపి దొంగలా జారుకునే తండ్రుల్ని ఎంతమందిని చూళ్ళేదు! నువ్వూ ఆ బాపతే, నాకు తెలుసు. అలా చెయ్యకు. ఎదురుగా వంగి, కళ్ళలోకి చూసి, గట్టిగా "వెళ్ళొస్తా" అని చెప్పు. "వెళ్తున్నా" అని పొరపాటున కూడా అనకు. చిన్నప్పుడు మేమెవరమైనా నోరుజారి అలా అంటే మా అమ్మ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మళ్ళీ సరిగ్గా అనిపించి గానీ గడప దాటనిచ్చేది కాదు. సగంలో మింగెయ్యకుండా పూర్తిగా అను. అది మాట కాదు, హామీ.

నేను బయల్దేరిన రోజు చూశావుగా. పక్క దులుపుతూ "పెద్దమ్మ ఇప్పుడే వెళ్ళొస్తుంది" అన్నాను. చక్కగా తలూపింది. కిక్కురుమనలేదు. పిల్లకి ఎలా చెప్పాలో తెలియాలంతే.

ఎదురింటావిడ కోడలికి కవలలు పుట్టారు. రెండిళ్ళవతలికి ఏడుపు వినపడుతోందట. నాకా బాధ లేదు.

ఇంతకీ ఆ కుళాయి కట్టావా లేదా?

వదిన


జూన్ 22

వదినగారికి,

ఉత్తరం అందింది. కుళాయి కట్టే ఉంది.

ప్లేస్కూల్ మా వీధి చివర, మందుల షాపు పైన. పదహారు మెట్లు. పైన ఆకుపచ్చ గేటు, లోపల చెప్పులు పెట్టుకునే అరలు. ఒక్కో అరకీ ఒక్కో బొమ్మ అంటించారు. మనదానికి గొడుగు వచ్చింది. ఒక టీచరు, ఒక ఆయా.

మొదటి మూడు రోజులూ ఏమీ చెప్పకుండా టీచరు చేతికి ఇచ్చి వచ్చేశాను. ముక్కు ఎగబీల్చింది, అంతే. మీ ఉత్తరం వచ్చాక మీరు చెప్పినట్టే చేస్తున్నాను. ఎదురుగా వంగి "వెళ్ళొస్తా" అంటున్నాను. అప్పటి నుంచి మొదలైంది.

మిగతా పిల్లలూ ఏడుస్తారు. వాళ్ళ వాళ్ళు మెట్లు దిగేసరికి ఆపేస్తారట. ఇది అలా కాదు. మెట్లెక్కేటప్పుడు బాగానే ఉంటుంది, లెక్కపెడుతూ ఎక్కుతుంది, తొమ్మిది తర్వాత పదకొండు. చెప్పులు విప్పి గొడుగు అరలో పెడుతుంది. నేను వంగగానే నా సంచి పట్టీ రెండు చేతులా పట్టుకుంటుంది. మొన్న పట్టీ తెగింది. నమూనా సీసాలు మెట్ల మీద దొర్లి రెండు పగిలాయి. నిన్న నా నోరు మూసింది, రెండు అరచేతులతో, మాట పూర్తికాకుండా. చేతులు తీసేసి పూర్తి చేశాను. సగంలో మింగకూడదని మీరు రాశారు.

"మీరే గేటు దగ్గర సాగదీస్తున్నారు సార్. మీ మొహం చూసే అది మొదలెడుతోంది" అంది టీచరు. నా మొహానికి నేనేం చెయ్యాలో చెప్పలేదు.

నా పని మీకు తెలుసు. పదకొండు లోపు పన్నెండు వీధి కుళాయిల దగ్గర నీళ్ళు పట్టి ల్యాబ్‌కి చేర్చాలి. ఏ సీసా ఎక్కడ పట్టానో, ఎన్నింటికి పట్టానో దానిమీద చీటీ అంటించాలి. ఈ నెలలో ఆరు రోజులు ఆలస్యమైంది. శుక్రవారం పదకొండున్నరకి పట్టిన సీసా మీద పదింబావు అని రాశాను. పద్నాలుగేళ్ళలో మొదటిసారి. మా అధికారి చూశాడు. "మీరు కూడానా?" అన్నాడు. మెమో ఇచ్చాడు.

మీరు వస్తే మంచిదే.

మీ మరిది


జూన్ 28

మరిదీ,

అడుగుతావని తెలుసు. ఎప్పుడు అడుగుతావా అని చూస్తున్నాను. నీ అంతట నువ్వే పిల్లని నాకు అప్పగిస్తానన్నావు, అది చాలు. నీమీద ఉన్న కోపం సగం పోయింది. మిగతా సగం నాతోనే ఉండనీ, దానికి అలవాటుపడ్డాను.

ముందుగదిలోంచి పాత కుట్టుమిషను తీయించేశాను. చిన్న మంచం వేయించాను. కిటికీకి జాలీ కొట్టించాను, ఆ మిడత కాళ్ళకి కిటికీ ఒక లెక్కా? ఆ కాళ్ళు మా ఇంటివే, మీ వాళ్ళవన్నీ రోకళ్ళు. మా సందు మొదట్లోనే బడి. నేను మిల్లులో చేర్చుకుని పని నేర్పిన పిల్లే ఇప్పుడక్కడ పెద్ద టీచరు. "అత్తా, నువ్వు తీసుకురా, నేను చూసుకుంటా" అంది. కాగితాలన్నీ అయిపోయాయి.

ఇక నీ దగ్గర ఎందుకేడుస్తోందంటావా, నువ్వు సరిగ్గా అనడం లేదు. నీ గొంతు నాకు తెలుసు. శుభవార్త చెప్పినా సంతాపసభలో చెప్పినట్టుంటుంది. ఆ గొంతుతో వెళ్ళొస్తానంటే పిల్ల హడలిపోదూ?

పన్నెండో తారీకు శనివారం వస్తాను. ఆ రోజే బస్సుకి తిరిగి వచ్చేస్తాం. ఒక్కటి మాత్రం విను. పిల్లకి ముందుగా ఏమీ చెప్పకు. బస్టాండులో సీను చెయ్యకు. మాతోపాటు ఎక్కు, సీట్లో కూర్చోబెట్టు, ఏదో ఒక వంక చెప్పి దిగిపో. తర్వాత సంగతి నేను చూసుకుంటాను.

బట్టలు ఎక్కువ పెట్టకు. ఇక్కడ కుట్టిస్తాను.

వదిన


జూలై 4

వదినగారికి,

అప్పగిస్తానని నేను రాయలేదు. మీరు వస్తే మంచిదని రాశాను. వచ్చి ఓ పది రోజులుంటారని నా ఉద్దేశం. అలాగని విడమరిచి రాయాల్సింది.

నిన్న రెండో మెమో ఇచ్చారు. మూడోది ఇస్తే ఫీల్డు పని తీసేసి వేరే ఊరు వేస్తారు. టైలరమ్మకి మోకాళ్ళ ఆపరేషన్, ఆవిడ కూతురింటికి వెళ్ళిపోయింది. గది సిద్ధం చేశానంటున్నారు.

రెండు నెలలు. అంతకన్నా కాదు. సెప్టెంబరు మొదట్లో వచ్చి తీసుకెళ్తాను.

దానికి ముందుగా చెప్పొద్దన్నారు. చెప్పడం నాకూ చేతకాదు. నిన్న పెట్టెలో దాని గౌన్లు మడుస్తుంటే పక్కన కూర్చుని ఒక్కొక్కటీ అందించింది. ఎక్కడికని అడగలేదు.

మీ మరిది


జూలై 21

మరిదీ,

పిల్ల కులాసా. నీకు రాయాలని వారం నుంచి అనుకుంటున్నాను, తీరిక ఉంటేనా! ఇల్లంతా దాని బొమ్మలే.

నిన్ను మెచ్చుకోవాలి. ఆ నీళ్ళ వంక ఎలా తట్టింది నీకు? "నీళ్ళ సీసా తెస్తా, ఇప్పుడే వెళ్ళొస్తా" అని దిగావు చూడు, ఆ మాట ఈసారి ఎంత మామూలుగా వచ్చిందో. నీళ్ళవాడివి నీళ్ళకే వెళ్ళావు! ఆ తర్వాత సోడాబండి వెనక నిలబడ్డావు, నేను చూశాను. అది చూళ్ళేదు. బస్సు కదిలాక "నాన్న" అంది. "వస్తాడు" అన్నాను. మూడో స్టాపు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత నా ఒళ్ళో పడుకుంది. ఒక్క చుక్క కన్నీరు లేదు. నేను దానికోసం తెచ్చుకున్న చేతిరుమాలు నాకే పనికొచ్చింది.

బడికి వెళ్తోంది. నువ్వు నమ్మవు, తిరిగి చూడదు! గేటు తియ్యగానే లోపలికి నడిచి వెళ్ళిపోతుంది. కొత్త చోట ఇంత తొందరగా సర్దుకున్న పిల్లని ఇంతవరకూ చూళ్ళేదంది మా టీచరు. మిగతా తల్లులు నన్ను చూసి కుళ్ళుకుంటున్నారు. నీ పేరు కూడా ఎత్తడం లేదు. ఇది నీకు బాధగా ఉంటుందని తెలుసు, కానీ పిల్ల సుఖం కదా ముఖ్యం.

నేను "వెళ్ళొస్తా" అన్నప్పుడల్లా చెవులు రెండూ మూసుకుంటుంది. నన్ను వెక్కిరిస్తోంది, పెద్దమ్మకి చెవుడని! నేనూ మూసుకుంటాను. ఇద్దరం నవ్వుకుంటాం. అంటే నేను నవ్వుతాను.

ఒక్కటే ఇబ్బంది. బడిలో నీళ్ళు తాగడం లేదు. ఇచ్చిన సీసా ఇచ్చినట్టే తెస్తోంది. ఎందుకే అంటే పలకదు. ఇంట్లో గ్లాసుతో ఇస్తే తాగుతుంది. సీసా అయితే ముట్టదు. ఎండలకి వేడి చేసిందేమో. నీళ్ళ పరీక్షలు చేసేవాడివి, ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

రెండు నెలలని రాశావు. ఆ మాట ఇక మర్చిపో. సర్దుకున్న పిల్లని కదిలించకూడదు.

వదిన


జూలై 27

వదినగారికి,

మీ ఉత్తరం శుక్రవారం అందింది. నిన్న ప్లేస్కూల్‌కి వెళ్ళాను. గొడుగు అరలో పాప జత చెప్పులు, ఒక మార్చుకునే గౌను ఉండిపోయాయి, తీసుకెళ్ళమని కబురు చేశారు. పిల్లలు లేరు. ఆయా నేల తుడుస్తోంది. తడి ఆరేదాకా గేటు దగ్గర ఆగమంది. ఆగాను. నెల రోజులు రోజూ చూసిన మనిషి. ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మీ పిల్ల నా దగ్గర ఎప్పుడూ ఏడవలేదు బాబూ. సాయంత్రం చీపురు మూల పెట్టి 'పోతున్నానే' అంటాను. 'పో' అంటుంది. పొద్దున్నే చూసి 'వచ్చావా' అంటుంది, పెద్ద ఆరిందాలాగ. ఒకరోజు టీచరమ్మ కోప్పడింది, పోతున్నా అంటే పిల్లలు నేర్చుకుంటారు, వెళ్ళొస్తా అనాలి అని. సరేనని అలాగే అన్నాను. అంతే, నా చీర పట్టుకుని వదల్లేదు. 'అలా అనకు. పోతున్నా అను' అంది. ఎందుకే అన్నాను. 'పోతున్నా అంటే వస్తావు. వెళ్ళొస్తా అంటే రారు. అమ్మ అలాగే అంది. పెద్దమ్మ కూడా' అంది. మరి మీ నాన్న రోజూ అంటాడు, రోజూ వస్తున్నాడు కదే అన్నాను. 'ఏ రోజు రాడో తెలీదు' అంది."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు ఎప్పుడు ఆగారు బాబూ? సంచి సర్దుకుంటూ దిగిపోతారు. దాన్నే చెప్పమన్నాను. 'నాన్న మాట పూర్తి చేసేస్తాడు' అంది."

నేల ఆరింది. చెప్పులు తీసుకుని వచ్చాను.

అది ఎందుకు నా నోరు మూసిందో ఇప్పుడు మీకు తెలుసు. మీ దగ్గర చెవులు మూసుకోవడం వెక్కిరింత కాదు. నీళ్ళు తాగకపోవడం వేడి కాదు. నేను తెస్తానన్న సీసా ఆ రోజే కొన్నాను. సోడాబండి వెనక అది నా చేతిలోనే ఉంది. ఇప్పటికీ మూత తియ్యలేదు.

ఏడవడం మానేసిందని మీరు సంతోషంగా రాశారు. ఇక్కడ గేటు దగ్గర రోజూ ఏడ్చింది. రాకుండా పోతానేమోనని ఏడ్చింది. అక్కడ దేనికి ఏడవాలి?

పక్క దులుపుతూ మీరన్న మాటకి అది తలూపింది. మీరు వెళ్ళాక రెండు రోజులు ఆ పక్క మీదే కూర్చుంది. ఈ సంగతి మీకు రాయలేదు. రాసుంటే నాకు ఆ సలహా ఇచ్చేవారు కాదేమో. మిమ్మల్ని అనే హక్కు నాకు లేదు. మీరు అన్నది ఒక్కసారి, నేను అన్నది రోజూ. అయినా అంటున్నాను.

మొదటి ఉత్తరంలో ఉన్నదున్నట్టు రాస్తున్నానన్నాను. రెండు మాటలు వదిలేశాను.

మీ చెల్లెలు గుమ్మంలో ఆగింది పాపకి వెళ్ళొస్తానని చెప్పడానికి కాదు. నాతో, "దీనికి నిజం చెప్పనీ. వెళ్తున్నాను, వస్తానో రానో తెలీదని చెప్తాను. కూర్చోబెట్టి చెప్తే అర్థం చేసుకుంటుంది. ఐదు నిమిషాలు" అంది. "ఆ మాట అనకు. వెళ్ళొస్తా అను. టాక్సీ ఆగుంది" అన్నాను. నా వైపు చూసింది. తర్వాత వంగి, నేను అనమన్నట్టే అంది.

పదకొండున్నరకి నన్ను లోపలికి పంపినప్పుడు కుళాయి గురించి అడిగిన మాట నిజమే. దానికి ముందు ఒకటి అంది. "నాచేత అబద్ధం చెప్పించావు" అంది. నేనేమీ అనకపోతే కుళాయి సంగతి ఎత్తింది.

సీసా మీద తప్పు టైము రాసినందుకు మెమో ఇచ్చారు. దీనికి ఇచ్చేవాళ్ళు లేరు.

మూడో మెమో వస్తే రానీ. వేరే ఊరు వేస్తే ఇద్దరం వెళ్తాం.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. చేతికే ఇస్తాను. నోటితో చెప్తే మీకు మళ్ళీ ఇంకోలా వినపడుతుంది. మీరు వేయించిన చిన్న మంచం, కిటికీ జాలీ నా మనసులో ఉన్నాయి. కానీ దాని గౌన్లు మళ్ళీ పెట్టెలో పెట్టండి. సాయంత్రం బస్సుకి తీసుకొచ్చేస్తాను.

రేపు పొద్దున ఐదింబావు బస్సెక్కుతాను. బడి తెరిచేసరికి గేటు దగ్గర ఉంటాను. నీళ్ళు తేవడానికి పదహారు రోజులు పట్టిందని చెప్పి సీసా ఇస్తాను. తీసుకోకపోతే చేత్తో పట్టుకుని నిలబడతాను. మెట్టు మీద కూర్చోబెట్టి, వాళ్ళమ్మ ఇక రాదని చెప్తాను. ఐదు నిమిషాలు. తర్వాత దాన్ని లోపలికి పంపి, "పోతున్నా" అంటాను. నాలుగింటిదాకా అక్కడే, అది చూస్తే కనపడేచోట కూర్చుంటాను.

మీ మరిది